పాడమని ఎవరూ అడగని ఆదివారం

సూరత్‌లో ఉండే మా చెల్లెలు విమల అక్కడి తెలుగు సంఘంలో పాటలు పాడుతోందని మా మేనత్త చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. విమలకు శ్రుతి పట్టుబడదు. వరంగల్‌లో మా చర్చి పాటల బృందాన్ని నడిపేది నేను. పెళ్ళిళ్ళకూ సువార్త సభలకూ నన్ను వెతుక్కుంటూ వచ్చి పిలుచుకుపోతారు. "విమల పాడితే జనం కండ్లనీళ్ళు పెట్టుకుంటరంట" అని అత్త అనేసరికి నవ్వు ఆగి, కడుపులో మంట మొదలైంది. వెళ్ళి చూడాల్సిందే అనుకున్నాను. ఒక పాట పాడి మరీ రావాలనుకున్నాను.

శుక్రవారం రాత్రి ఏడింటికి వరంగల్‌లో అహ్మదాబాద్ బండి ఎక్కాను. మగ్గాల పనికి పోయేవాళ్ళతో ఈ బండి ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది కనుక స్లీపర్ టికెట్ ముందుగానే తీసుకోవాలి. ఎదురు బెర్తులో జగిత్యాల వైపు లూమ్ కార్మికుడు ఒకాయన పులిహోర డబ్బా విప్పి ముందుకు జరిపాడు.

"తినుండ్రి అక్కా, ఇంట్ల చేసింది."

"వద్దు తమ్మీ, పులుపు తింటే గొంతు పట్టేస్తది. ఎల్లుండి పాడేదుంది."

"పాట కోసం గింత దూరమా!" అని నోరు తెరిచాడు ఆయన.

చెల్లెలింటికి అని చెప్పవచ్చు, చెప్పలేదు. బుగ్గన లవంగం పెట్టుకుని పడుకున్నాను.

మరునాడు నందుర్‌బార్ దాటేసరికి ఎండ ముదిరింది. మధ్యాహ్నం రెండు దాటాక సూరత్‌లో దిగాను. విమల, రైల్వేలో పనిచేసే దాని భర్త ప్రకాశ్ స్టేషన్‌కు వచ్చారు. వాళ్ళుండే డిండోలికి ఆటో మాట్లాడుకున్నాం. దారిలో ఆపి లోచో పెట్టించారు. ఆవిరి మీద ఉడికిన శనగపిండి ముద్ద, పైన నూనె, సేవ్, ఉల్లిపాయ ముక్కలు. వాసనకే నోరూరింది కానీ ముట్టలేదు. చల్లటి మజ్జిగ కూడా వద్దన్నాను. "వదినకు ఉపాసమా?" అని ప్రకాశ్ అడిగాడు. విమల లవంగంతో ఉబ్బిన నా బుగ్గ వైపు చూసింది. సూరత్‌కు జనం తిండి కోసమే వెళతారట. నేను అక్కడ వేడినీళ్ళు తాగి బతికాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేపోయే జనానికి లెక్కలేదు. విమలక్కా అనేవాళ్ళు, విమలాబెన్ అనేవాళ్ళు. నన్ను చూసి "పెద్దక్కనా?" అని అడిగి, మళ్ళీ దానివైపే తిరిగేవారు. మా ఊళ్ళో నాకు ఎదురుపడిన మనిషి ముందు పాట సంగతే ఎత్తుతాడు.

ఆదివారం తొమ్మిదిన్నరకు ప్రార్థన. దుకాణం మీది అద్దె హాలు, చాపల మీద ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు. "కొత్తగ వచ్చినోళ్ళు లేచి నిలబడుండ్రి" అన్నారు పాస్టరుగారు. కొంగు సర్దుకుని లేచాను. నేను నోరు తెరిచేలోపే విమల లేచి "మా అక్క, వరంగల్ నుంచి వచ్చింది" అంది. చప్పట్లు కొట్టారు. "బాగ పాడుతది" అనే తర్వాతి మాట కోసం నేను నిలబడే ఉన్నాను. అది కూర్చుంది.

తర్వాత పాట విమలదే. మొదటి చరణంలోనే శ్రుతి తప్పింది, రెండో చరణానికి డోలక్‌ను వదిలేసి తన దారిన తాను పోయింది. నా పక్కన ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నేను పళ్ళు నూరుకున్నాను. విమల కళ్ళు మూసుకుని పాడింది, ఎవరు వింటున్నారో ఒక్కసారైనా చూడలేదు. దానికే నాకు ఎక్కువ మండింది. పాడేటప్పుడు నా కళ్ళెప్పుడూ ముందు వరుస ముఖాల మీదే ఉంటాయి.

ఇంటికొచ్చాక వంటింట్లో నిలదీశాను.

"నేను పాడుతనని ఎందుకు చెప్పలే? కావాల్ననే కదా?"

"కావాల్ననే" అంది చపాతీ ఒత్తుతూ.

"నీకు కుళ్ళు."

"ఉండె. చిన్నప్పుడు మస్తుండె. ఇంట్ల ప్రార్థనంటే నాయిన నిన్ను పక్కన కూసోబెట్టుకుంటుండె, నన్ను చాప తెమ్మంటుండె. దేవుడు గూడ నీ దిక్కే అనుకున్న. ఇక్కడికొచ్చినంక టైఫాయిడ్‌తోని మంచం పట్టిన గదా. పాట రాదు, ప్రార్థన రాదు, లేచి నీళ్ళు తాగ చేతగాదు. గప్పుడు తెలిసింది, నేనేం చెయ్యకున్నా ఆయన నన్ను ఇడిసిపెట్టలేదని. నేను ఆయన బిడ్డను, అంతే. గా సంబురానికి పాడుత. రాగం నీ దగ్గర్నే ఉండనియి."

"మరి నన్నెందుకు ఆపినవ్?"

"యాడికి పోయినా నిన్ను పాట కోసమే పిలుస్తరు. నా దగ్గరికైనా ఉత్తగ రావే అక్కా."

కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. జనం కన్నీళ్ళ మీది అసూయ పోయి, విమల పడ్డ మంచం మీద అసూయ పుట్టింది. టైఫాయిడ్‌ను చూసి ఎవరైనా కుళ్ళుకుంటారా? నేను కుళ్ళుకున్నాను. సూరత్ వెళ్ళేవాళ్ళు చీరల కోసం రింగ్ రోడ్‌కు ఒక పూట కేటాయించుకోండి. నేను ఆ పూటంతా అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాను.

సోమవారం పొద్దున పదిన్నరకు తిరుగు బండి. విమల స్టేషన్‌లో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. సాయంత్రం జలగాం దాటాక ప్రార్థన చేసుకోవాలనిపించింది. ముందు ఒక పల్లవి పాడడం నా అలవాటు. నోరు తెరిచి, వినేవాళ్ళున్నారా అని చుట్టూ చూశాను. చూస్తున్నానని తెలిసి నోరు మూసుకున్నాను. పల్లవి లేకుండా ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "ప్రభువా, నేను సరోజను" అన్నాను లోపల. పాటల సరోజను అనబోయి ఆగాను. "విమలను ప్రేమించినట్టే నన్ను కూడా ప్రేమించు" అన్నాను. చెల్లెలి పళ్ళెంలోకి తొంగిచూసే పిల్లలా అడిగానని సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. భుసావల్ వచ్చేదాకా ఊరికే కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆయన నా పాట విని నన్ను ప్రేమిస్తున్నాడనుకున్నాను. ఈ పాట ఎప్పుడు అయిపోతుందా, ఈ పిల్లతో ఒక్క మాట చెబుదామా అని కూర్చున్నాడేమో, పాపం.