గబ్బిలాలు వచ్చాక మడిచిన చాపలు

ఒకే పెంకుల కింద నన్నూ, నాకు తెలియని చిన్న ప్రాణులనూ ఒకే చేత్తో కాచిన దేవునికి స్తోత్రం. ఆయన దయ ముందు చెప్పుకొని, ఆ తర్వాతే నా తప్పు చెబుతాను.

జగ్గయ్యపేటలో మాది పెంకుటిల్లు. నేను కాపురానికి వచ్చిన ఏడాది నుంచి శుక్రవారం ఉపవాస కూడిక మా ముందు గదిలోనే జరిగేది. చాపలు పరిచేది నేను, కంజిర వాయించేది మా ఆయన. ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళాక కంజిర మేకుకే ఉండిపోయింది గాని, శుక్రవారం మాత్రం ఇల్లు నిండేది. మిగతా ఆరు రోజులూ నేను ఆ ఒక్క రోజు మీదే బతికేదాన్ని.

నిరుడు ఎండలు ముదరక ముందు పెంకులకూ చెక్క అటకకూ మధ్య గబ్బిలాలు చేరాయి. బొటనవేలంత ఒళ్ళు వాటిది. రెట్టలు చాపల మీద నల్ల జీలకర్రలా రాలేవి. మోకరించినవాళ్ళు వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవారు. వేపాకు పొగ వేశాను, అటక మీద బల్బు వెలిగించాను, కదల్లేదు. చివరికి కూడిక గరికపాడు దారిలో ఒక సహోదరి డాబా ఇంటికి మారింది. ఆటోలో నేనూ వెళ్ళేదాన్ని. తిరిగొచ్చి తాళం తీసేసరికి, పాటంతా అక్కడే వదిలి వచ్చినట్టుండేది.

గబ్బిలాలు ఇంట్లో చేరడం దురాత్మల పనేనని మా ఆడవాళ్ళ నమ్మకం. ప్రార్థనతోనే వెళ్ళగొట్టాలని ఒక శుక్రవారం సాయంత్రం అందరూ మా ఇంటికి వచ్చారు. గుమ్మాలకు ప్రార్థన నూనె రాసి, చప్పట్లతో పాట ఎత్తుకున్నాం. పొద్దుగుంకుతుండగా చూరు సందులోంచి గబ్బిలాలు ఒకదాని వెంట ఒకటి బయటికెగిరిపోయాయి. అందరం ఏడ్చాం, సాక్ష్యాలు చెప్పుకున్నాం. అవి రోజూ ఆ వేళకే మేతకు వెళతాయి. ఆ సంగతి కళ్ళారా చూసిన నాకు కూడా అప్పుడు గుర్తు రాలేదు. నా ఆశ అలాంటిది. వత్సవాయి నుంచి పిలిపించి ఉంచిన తాపీమేస్త్రి అప్పటికప్పుడే సందులన్నీ సిమెంటుతో మూసేశాడు.

తెల్లవారి లేచేసరికి అటక మీద సన్నటి కిచకిచ. బయటికెళ్ళి చూస్తే, మూసిన చోటల్లా తల్లులు చూరును పట్టుకుని పాకుతున్నాయి. పిల్లల్ని లోపల పెట్టి మూసేశామని అప్పుడర్థమైంది. సిమెంటు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. స్టూలెక్కి అట్లకాడ మొనతో తవ్వి సందు తెరిచాను. తల్లులు ఒక్కొక్కటే లోపలికి దూరాయి. కిచకిచ ఆగింది. నేను స్టూలు మీదే కూలబడి, క్షమించమని దేవుణ్ణి అడిగాను.

పై శుక్రవారం కూడికలో లేచి నిలబడి ఈ సంగతి నేనే చెప్పాను.

"ఏంటక్కయ్యా, మేం గొంతులు పోయేలా పాడి తోలితే, నువ్వు తలుపు తీసి రమ్మన్నావా?" అంది డాబా ఇంటి సహోదరి.

"లోపల పిల్లలున్నాయమ్మా," అన్నాను.

"అయితే ఇక వాటితోనే పెట్టుకో కూడిక," అంది వెనక నుంచి ఒకావిడ. కొందరు నవ్వారు. నేనూ నవ్వబోయాను, రాలేదు.

నెల దాటాక పిల్లలూ ఎగరడం నేర్చాయి. మూడు సాయంత్రాలు, అన్నీ మేతకు వెళ్ళాక, అటకకు చెవి ఆనించి విన్నాను. లోపల చప్పుడు లేదని తేలాకే మేస్త్రిని మళ్ళీ పిలిచి, అవి బయట ఉన్న వేళ సందులు మూయించాను. అటక కడిగించి సున్నం వేయించాను. ఇప్పుడు వాసన లేదు. కూడిక మాత్రం ఇంకా డాబా ఇంట్లోనే. అక్కడ ఫ్యాన్లున్నాయి, అలవాటు పడ్డారు, రమ్మని అడగడానికి నాకు నోరు రాదు. పోయిన నెల నందిగామ వెళ్ళినప్పుడు పెద్ద చాప ఒకటి కొన్నాను, పదిమంది కూర్చునేది. చుట్టిన తాడు ఇంకా విప్పలేదు.

ఇది చదివే మీరు ఈ శుక్రవారం ఎక్కడున్నా నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి. ఆ గబ్బిలాలకు ఎక్కడో ఒక చూరు దొరకాలని, నా ముందు గదికి పాట తిరిగి రావాలని. నేను ఆ చాప పక్కన మోకాళ్ళ మీద ఉంటాను.