శనివారం తోమిన పాలడబ్బాలు

మా అత్తగారి కొట్టు బోగోలు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, ఒక చిన్న పల్లెలో ఉండేది. కొట్టంటే వేరే కట్టడం ఏమీ కాదు, ఇంటి ముందరి వసారాయే. పొద్దున చెక్కలు తీస్తే కొట్టు, సాయంత్రం చెక్కలు వేస్తే ఇల్లు. ఉప్పు, చింతపండు, కిరసనాయిలు, బట్టల సబ్బు, అగ్గిపెట్టెలు, వలలు కుట్టుకునే దారం అమ్మేది. అరవైల మొదట్లో నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి పసిపిల్లల పాలపొడి డబ్బాలు కూడా అక్కడికి వచ్చి చేరాయి.

నేను మనుబోలు పక్క పిల్లని. మా ఇంటి చుట్టూ వరి మళ్ళు, దొడ్లో బర్రెలు. పాలు డబ్బాలో వస్తాయని అత్త చెబితే పక్కకు తిరిగి నవ్వుకున్నాను. కానీ ఆ ఇసకనేల మీద గడ్డి మొలవదు, బర్రెలు బతకవు. మేకపాలు దొరికితే దొరికినట్టు. తల్లికి పాలు చాలకపోతే బిడ్డకు డబ్బాపాలే గతి. అందుకే ఆ డబ్బాలకు మా కొట్టులో పెద్దపీట.

అత్తకు లోకంలో ఒకే ఒక్క శత్రువు, తుప్పు. సముద్రం మీది ఉప్పుగాలి దేన్నీ వదలదు. తలుపు గొళ్ళెం, బావి గిలక, మామగారు వదిలిపోయిన సైకిలు, అన్నీ ఎర్రబారిపోయేవి. మా రెండు కుటుంబాలూ ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళే. పాస్టరుగారు సైతాను గురించి చెబుతుంటే అత్త తలాడించేది, నాకు మాత్రం ఆమె మనసులో తుప్పు గురించే వింటున్నదేమో అనిపించేది. ఆదివారం శుభ్రంగా రావాలంటే శనివారం కష్టపడాలని ఆమె సిద్ధాంతం. ప్రతి శనివారం మధ్యాహ్నం కొట్టులోని రేకు సామానంతా కిందికి దిగేది. బూడిద, చింతపండు పిప్పి, కొబ్బరి పీచు తీసుకుని ఆమె ఒకవైపు, నేను ఒకవైపు కూర్చునేవాళ్ళం. తోమి, పొడిగుడ్డతో తుడిచి, పైన ఆముదం చేతి వేళ్ళతో పల్చగా రాయాలి. నా గోళ్ళు ఆదివారం ప్రార్థనలో కూడా నల్లగానే ఉండేవి.

పాలడబ్బాల చుట్టూ బొద్దుగా ఉన్న పిల్లవాడి బొమ్మ రంగుల్లో అచ్చువేసి ఉండేది. దాన్ని తాకనిచ్చేది కాదు. మూత, అడుగు మాత్రం ఒట్టి రేకు. వాటినే తోమాలి. కొత్తగా వచ్చిన డబ్బా అడుగున ఊదారంగు సిరాతో ఇంగ్లీషులో ఏవో ముద్రలు ఉండేవి.

"ఇక్కడేదో రాసుండాది అత్తా" అని ఒకసారి అన్నాను.

"మూటలు దించేవాళ్ళు ఏదో గుర్తు ఏసుకోనుంటారు. తోము" అన్నది.

మొదటి శనివారానికి ఆ సిరా పలచబడేది. రెండో శనివారానికి ఆనవాలు ఉండేది కాదు.

అట్లా తోమగా తోమగా కొన్ని డబ్బాలు వెండి గిన్నెల్లాగా తయారయ్యాయి. వాటిని అత్త పై అరలో వరసగా పేర్చేది. అవి అమ్మకానికి కాదు, కొట్టు అందానికి. ఎవరైనా అడిగితే కింది అరలోంచి తీసి ఇచ్చేది. చేపలు ఎండబెట్టుకుని వెళ్ళే ఆడవాళ్ళు వీధిలో ఆగి, "నీ కొట్టులో మొహం జూసుకోవచ్చక్కా" అంటే ఆ పూట ఆమె నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గానీ మా కొట్టులో అది తిరగబడింది. ఎంత పాత డబ్బా అయితే అంత మెరుపు.

నా పెద్దకూతురు ఆ ఇంట్లోనే పుట్టింది. దానికి మూడో నెల వచ్చేసరికి నాకు టైఫాయిడ్ తగిలింది. జ్వరం తగ్గి లేచేసరికి నా పాలు ఎండిపోయాయి. మా ఆయన కృష్ణపట్నం పక్క ఉప్పు పండించే కొటార్లలో మేస్త్రీ, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఆయన కావలి తీసుకుపోయి చూపిస్తే డాక్టరు డబ్బాపాలు పట్టమన్నాడు.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను. నేను కింది అరలో చెయ్యి పెట్టబోతే అత్త నా చెయ్యి పక్కకు నెట్టింది. ముక్కాలిపీట వేసుకుని ఎక్కి, పై అరలో ఒక్కొక్క డబ్బా చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి చూసింది. చివరికి అన్నిటికంటే మెరిసేదాన్ని ఏరి, పైట కొంగుతో మళ్ళీ ఒకసారి తుడిచి, నా చేతిలో పెట్టింది.

"పసిదాని కడుపులోకి పొయ్యేది. మంచిది జూసి తీసినా" అన్నది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది. ఎవరికీ అమ్మకుండా దాచుకున్న డబ్బాను నా బిడ్డకు తీసి ఇచ్చింది గదా అనుకున్నాను.

పాలు పట్టిన నాలుగైదు రోజులకే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. పాలు నోటికి పెడితే మొహం తిప్పుకునేది, బలవంతాన పడితే కక్కేది. అత్త వస అరగదీసి నాకించింది, వాము కాచిన నీళ్ళు పట్టింది, మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసింది. నేను బావినీళ్ళను అనుమానించాను. నీళ్ళు రెండుసార్లు మరిగించాను, గుడ్డలో వడకట్టాను, గిన్నెలు మార్చాను. బిడ్డ మాత్రం రోజురోజుకూ తగ్గిపోతున్నది. చేతులు సన్నబడ్డాయి. ఏడుపు కూడా సన్నబడింది, నాకు అదే ఎక్కువ భయం వేసింది. ఆకలైన పిల్ల గట్టిగా ఏడవాలి గదా.

ఒకరోజు పొడి కలుపుతుంటే వాసన తేడాగా తోచింది. ముక్కిన బియ్యం వాసనలాంటిది, దాని వెనక పాత నూనె వాసన.

"ఈ పొడి వాసనొస్తావుంది అత్తా."

"ఊరంతా ఎండు చేపల వాసన. నీ ముక్కుకు అది ఇంకా అలవాటు కాలా."

"చేపల వాసన నాకు తెలవదా? ఇది పొడి వాసనే."

"సీలు ఊడని డబ్బా, నా చేత్తో తెరిచినా. గాలి తగలంది ఎట్టా చెడతాది? పాత బియ్యమే గదా బాలింతకు పెట్టేది! పాత చింతపండే గదా అరిగేది!"

మా పుట్టింట్లో కూడా పాత బియ్యానికే గౌరవం. నేను కాన్పై లేచినప్పుడు మా అమ్మ గాదె అడుగునుంచి పాత బియ్యం తీయించి పంపింది. పాతబడడం మంచిదని వింటూనే మేమంతా పెరిగాం. అయినా కోపం ఆగక గిన్నె దబీమని కింద పెట్టాను. అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బిడ్డను మాత్రం చంక దింపలేదు.

ఆ వారంలోనే, ఒక గురువారం, ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చిన్న వయసు మనిషి. బోగోలు దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి అద్దె సైకిలు మీద ఇసకలో తొక్కలేక తొక్కుతూ వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. అత్త బల్ల వేసి, గోలీసోడా కొట్టి ఇచ్చింది. కొట్టు తనిఖీ అంటే ఆమెకు భయం లేదు. జిల్లాలో ఇంత శుభ్రమైన కొట్టు ఇంకొకటి చూపించమని సవాలు చేసేట్టు నిలబడింది.

ఆయన టీ పొడి రుద్ది చూశాడు, నూనె వాసన చూశాడు, తలాడించాడు. తరవాత కింది అరలోంచి ఒక పాలడబ్బా తీసి తిరగేశాడు. ఇంకొకటి తిరగేశాడు. మొత్తం అర అంతా తిరగేశాడు.

"తేదీ ఏదమ్మా?"

"డబ్బాకు తేదీ ఏందయ్యా, క్యాలెండరా?"

"పసిబిడ్డల పాలపొడికి ఎప్పుడు కట్టిందీ, ఎప్పటిదాకా వాడొచ్చో డబ్బా మీద ఉండాల. అది రూలు. తేదీ లేని డబ్బా అమ్మకూడదు. అడుగున సిరాతో ఏసి పంపిస్తారే!"

"ఓ, ఆ సిరా మరకలా!" అత్త మొహం వికసించింది. "ఉన్నిండాయి. నేను నిలవనిస్తానా? శనారం శనారం తోమేస్తా."

ఆయన ఆమెను చూశాడు, డబ్బాను చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. ఇంకొకరైతే నవ్వేవారో కసురుకునేవారో. ఆయన రెండూ చెయ్యలేదు. చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పాతబడితే ఏమైతాదయ్యా? బియ్యం పాతబడితే మంచిదే గదా" అన్నది అత్త.

"బియ్యం ఏరు, పాలు ఏరమ్మా. పాలపొడిలో వెన్న ఉంటాది. ఈ ఎండలకు రేకు కాలి కాలి లోపల అది చెడిపోతాది. పెద్దోళ్ళు తిన్నా ఏమీ కాకపోవచ్చు. పసిబిడ్డ తట్టుకోలేదు." డబ్బాలు చూపిస్తూ అడిగాడు. "ఏది ముందొచ్చింది, ఏది ఎనకొచ్చింది, మీకు జ్ఞాపకం ఉండాదా?"

అది అత్తకు అవమానంగా తోచినట్టుంది. "ఎందుకుండదు? ఒక్కొక్కదాన్ని ఎన్ని తడవలు తోమినానో నా చేతికి తెలుసు" అన్నది. బల్ల మీద వరస పెట్టడం మొదలుపెట్టింది. ఇది మొన్న వానల్లో వచ్చింది. ఇది అంతకు ముందరి ఎండాకాలం. ఇది కోడలు కాపురానికి రాకముందు. కింది అర అయిపోయాక పై అరలోవి దించింది. ఎడమ చివర కొంచెం మసకగా మొదలైన వరస కుడి చివరికి వచ్చేసరికి కళ్ళు చెదిరేట్టు మెరుస్తున్నది. పెడుతూ పెడుతూ ఆమె చేతులు నెమ్మదించాయి.

నేను లోపలికి వెళ్ళాను. వంటింట్లో బిడ్డ పాల డబ్బా ఉంది. దాన్ని తెచ్చి ఆ వరసలో కుడి చివర పెట్టాను. మిగతా అన్నిటికంటే అదే ఎక్కువ మెరిసింది.

ఇన్‌స్పెక్టరు మూత తీసి, పొడి కాస్త అరచేతిలో పోసుకున్నాడు. పసుపుపచ్చగా ఉంది. వాసన చూసి మొహం చిట్లించుకున్నాడు.

"ఇది ఎవరు వాడతావుండారు?"

నేను అత్త చంకలోని బిడ్డను చూపించాను.

అత్త నా వైపు తిరిగింది. "మంచిదనుకోని తీసినానే" అన్నది. "అన్నిట్లోకీ మంచిదనుకోని తీసినా."

వాసన గురించి గొడవపడిన రోజునుంచీ నా నాలుక మీద ఒక మాట నూరి పెట్టుకుని ఉన్నాను, నాదే నిజమని తేలిన రోజున అనాలని. పైన పటారం, లోన లొటారం అని. తీరా ఆ రోజు వస్తే అనలేకపోయాను. కోపం, బిడ్డ గురించి భయం, ఆమె మీద జాలి, మూడూ ఒకేసారి వచ్చాయి.

"ఏరే డబ్బాలు ఏమన్నా ఉండాయా?" అన్నాడు ఆయన.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మంగళవారం కావలి నుంచి వచ్చిన చెక్కపెట్టె గోనెసంచుల కింద అట్లాగే ఉంది. శనివారం ఇంకా రాలేదు గనక దాని మీద మా చెయ్యి పడలేదు. మేకులు పీకి తెరిచాను. రెండు డబ్బాలు, అడుగున ఊదారంగు సిరా చెక్కు చెదరకుండా ఉంది. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని నెల, సంవత్సరం నేనే చదివాను. ఆయన కూడా చూసి, వాడుకోవచ్చన్నాడు. ముందు బిడ్డను డాక్టరుకు చూపించమని గట్టిగా చెప్పాడు.

మిగతావి తన ఎదురుగానే పారబోయాలన్నాడు. అత్త మనిషిని పిలవనివ్వలేదు. పెరట్లో ఇసకలో తనే గుంట తవ్వింది, ఒక్కొక్క డబ్బా తనే బోర్లించింది. మళ్ళీ ఎవరూ వాడకుండా ఇన్‌స్పెక్టరు ఖాళీ డబ్బాలకు మేకుతో చిల్లులు పొడిచాడు. ఆ చప్పుడుకు అత్త ప్రతిసారీ ఉలిక్కిపడింది. ఈసారికి హెచ్చరించి వదిలేస్తున్నానని చెప్పి ఆయన సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

మరునాడే కావలి వెళ్ళాం. డాక్టరు ఆ రోజంతా పలచని గంజినీళ్ళు పట్టి, మరునాటినుంచి కొత్త డబ్బా మొదలుపెట్టమన్నాడు. బస్సులో వచ్చేటప్పుడు అత్త బిడ్డ మొహం మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

శనివారం వచ్చింది. అలవాటు ప్రకారం బూడిద, చింతపండు పిప్పి, పీచు వసారాలోకి వచ్చాయి. గిన్నెలు తోమింది, తూకం పళ్ళేలు తోమింది. చివరికి తెరవని పాలడబ్బా ఒకటి మిగిలింది. అప్పటికే మూత అంచున సన్నగా ఎర్రటి గీత పడి ఉంది. పీచు చేతిలో పట్టుకుని దాని ఎదురుగా కూర్చుంది. తరవాత పీచు కింద పెట్టి, చేతులు కడుక్కుని, డబ్బాను బోర్లా తిప్పి నా దగ్గరికి తెచ్చింది. ఆమె తెలుగు బైబిలు గడగడా చదివేది గానీ ఇంగ్లీషు అక్షరాలు రావు. అంతకు ముందు నన్ను ఏదీ అడిగి తెలుసుకున్న మనిషి కాదు.

"చదవమ్మాయ్" అన్నది.

చదివాను.

"ఇంకొకసారి."

ఇంకొకసారి చదివాను. లోపల ఉయ్యాల్లోంచి బిడ్డ ఏడ్చింది. మూడు వారాల తరవాత మొదటిసారి గట్టిగా, పక్కింటికి వినబడేట్టు ఏడ్చింది. అత్త అటు చూసి, చేతిలోని డబ్బా చూసింది. బొటనవేలు ఆ ఎర్రటి గీత దాకా పోయి, తుడవకుండానే ఆగింది.

"తుప్పు పట్టనీలే" అన్నది. డబ్బాను అట్లాగే తీసుకుపోయి, వీధిలో పోయేవాళ్ళందరికీ కనబడేట్టు పై అరలో పెట్టింది.