ఎర్ర లైటు దగ్గర ఆగితే

పొద్దున ఫోన్లో ఓ కుర్రాడి వీడియో చూశాను. మనం చిన్నప్పుడు కంప్యూటర్లో ఆడిన పోలీసు గేములో ఎవరికీ తెలియని రహస్యాలట. ఎర్ర లైటు పడ్డప్పుడు కారు ఆపి, పచ్చ లైటు వచ్చేదాకా కదలకుండా ఉంటే, కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ మన వైపు తిరిగి తల ఊపుతాడట. "దొంగని తరుముతూ సిగ్నల్ దగ్గర ఎవడాగుతాడు బ్రో!" అని ఒకటే నవ్వు.

రహస్యమట, నా మొహం. నేనాగేదాన్ని.

కంప్యూటర్‌కి పూల గుడ్డతో కవరు కుట్టించిన రోజులు గుర్తున్నాయా? గుణదలలో మా ఇంట్లో, బడి నుంచి రాగానే ఆ కవరు తీసి కూర్చునేదాన్ని. అమ్మ పోయాక ఆ వేళకి ఇంట్లో ఇంకెవరూ ఉండేవారు కాదు. నాన్న బెంజి సర్కిల్లో ట్రాఫిక్ కానిస్టేబుల్. ఎర్ర లైటు దాటడమంటే మా ఇంట్లో అబద్ధమాడినంత తప్పు. అందుకే గేములోనూ ఆగేదాన్ని. దొంగ హాయిగా పారిపోయేవాడు.

ఓసారి స్కూలు ఆటోలోంచి నాన్నని చూసి "నాన్నా!" అని గట్టిగా అరిచాను. నోట్లో విజిల్‌తో అలాగే నిలబడ్డారు, తల తిప్పలేదు. సాయంత్రం పొగ వాసన కొట్టే తెల్లచొక్కా విప్పుతూ, "డ్యూటీలో ఉంటే నువ్వైనా ఒకటే, ఎవరైనా ఒకటేనమ్మా" అన్నారు.

మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. ఆటో అక్కడ ఆగితే పుస్తకంలోకి చూసేదాన్ని.

ఆ గేములో నేను ఒక్క దొంగనీ పట్టుకోలేదు. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి వెళ్ళి, ఆ కానిస్టేబుల్ నా వైపు తల తిప్పేదాకా ఆగేదాన్ని, అంతే.