నీలం డ్రమ్ములో సముద్రం

మొన్న టీవీలో గ్రహణం గురించి చెబుతుంటే, చేతిలో పని వదిలేసి దేవుడి గూట్లోంచి దర్భలు తీశాను. ఊరగాయ జాడీ మీద ఒకటి, నెయ్యి గిన్నె మీద ఒకటి, పెరుగు మీద ఒకటి పెట్టాను. ఒక్కదాన్నే ఉండే ఇంట్లో గ్రహణం నుంచి కాపాడవలసినవి ఇంతకంటే ఏముంటాయి? అయినా చేతిలో ఇంకొక దర్భ మిగిలింది. దాన్ని పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. అక్కడ కడప బండ అరుగు మీద గోడ పొడుగునా పెద్ద గాజు తొట్టి ఉంది. లోపల చుక్క నీరు లేదు. ఎండిపోయిన తొట్టికి గ్రహణమేమిటని నన్ను నేనే కసురుకున్నాను గానీ, దర్భ మాత్రం దాని మూత మీద పెట్టే వచ్చాను.

ఆ తొట్టిలో ఒక ఈల్ ఉండేది. చేపే, కానీ పాములా ఉంటుంది. తెల్లటి ఒంటి నిండా నల్ల మచ్చలు, వాటి మధ్య పసుపు చుక్కలు. కర్నూల్లో మా వీధికి వచ్చిన కొత్త మనిషికి మా ఇల్లు చూపించాలంటే పేరూ నంబరూ అక్కర్లేదు, పామును పెంచుకునే కోమట్ల ఇల్లు అంటే చాలు, ఆటోవాడు తెచ్చి దింపేవాడు.

మా ఆయనది బోరు మోటార్ల దుకాణం. తుంగభద్ర ఒడ్డున పుట్టి, నేల అడుగు నుంచి నీళ్ళు తోడే మోటార్లు అమ్ముతూ బతికిన మనిషి, యాభై దాటాక సముద్రం పిచ్చిలో పడ్డారు. చెన్నైలో ఒక పెళ్ళికి వెళ్ళి, ముహూర్తం వదిలేసి, బీచిలో కూర్చుని వచ్చారు. నేను అక్కడే నాలుగు మాటలు అన్నాను. "సముద్రం దగ్గరికి పోతే నీకు కోపం వస్తుంది గదా, సముద్రాన్నే ఇంటికి తెస్తా," అన్నారు. అన్నంత పనీ చేశారు. బస్తాల్లో ప్రత్యేకమైన ఉప్పు తెప్పించి, మంచినీళ్ళలో కలిపి, దుకాణంలోని చిన్న మోటార్లతో ఆ నీటిని తిప్పుతూ తొట్టి తయారుచేశారు. ఈల్ దాక్కోవడానికి బోరు పైపు ముక్క ఒకటి కోసి లోపల వేశారు. అది బయటికి దూకే రకమట, అందుకని మూత మీద కడప బండ ముక్క బరువుగా పెట్టారు.

వచ్చిన చిక్కల్లా దాని తిండి. మాది కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. దానికేమో పచ్చి రొయ్యలు కావాలి. పక్కింటి సాయిబుల ఆపా ఫ్రిజ్ లేకపోతే ఆ ఈల్ మొదటి వారంలోనే పస్తులతో పోయేది. ఆపా రొయ్యలు తన ఫ్రిజ్‌లో పెట్టుకుని, అవసరమైనప్పుడు పెరటి గోడ మీదుగా డబ్బా అందించేది. "ఏమమ్మా, మీ పాముకు దావత్ తెచ్చినా," అని వీధంతా వినపడేట్టు కేకేసేది. మా ఆయన పొడుగాటి పటకారుతో ఒక్కొక్కటే తినిపించి, ఆ పటకారు పెరట్లోనే కడిగి, తలమీద చెంబెడు నీళ్ళు పోసుకున్నాకే ఇంట్లోకి వచ్చేవారు. నేను వంటింటి గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడి చూసేదాన్ని. ఆ ఈల్ ఎప్పుడూ నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. అది దాని ఊపిరి అని ఆయన చెప్పేవారు. నాకు మాత్రం ఏదో చెప్పబోయి మానుకుంటున్నట్టు ఉండేది. ఆయనా అంతే, పెద్ద మాటకారి కాదు.

మాఘమాసంలో ఒక పొద్దున, గుండెలో పట్టేసినట్టుంది అంటూ ఆయన కుర్చీలో కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. మాకు పిల్లలు లేరు. వచ్చినవాళ్ళు కర్మలన్నీ కాగానే ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంట్లో నేనూ, అదీ మిగిలాం. మొదటిసారి పటకారు పట్టుకున్నప్పుడు రొయ్య జారి ఎక్కడో పడింది. దానికి చూపు అంతంతమాత్రం. వాసన పట్టుకుని నెమ్మదిగా వెతుక్కుంటూ వచ్చి తినేసింది. ఆ రోజు తొట్టి ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన చేతి తిండి తిన్న ప్రాణి, ఈ ఇంట్లో నాతోపాటు అదొక్కటే. అది బతికి ఉన్నన్నాళ్ళూ ఆయన పని ఏదో ఒకటి ఇంట్లో సాగుతూనే ఉంటుందనుకున్నాను. నీళ్ళు మార్చడం ఆయన చేస్తుంటే చూసి నేర్చుకున్నదే. బస్తాలో మిగిలిన ఉప్పుతో బకెట్లలో కొంచెం కొంచెం కలుపుకునేదాన్ని. పెరట్లో నీలం డ్రమ్ములో ఆయన తన చేత్తో కలిపి మూతపెట్టిన నీళ్ళు మాత్రం ముట్టుకోలేదు. వాటిలో చిన్న మోటారు తిరుగుతూ సన్నగా గురగురమనేది. నాకు ఆ చప్పుడు ఉంటేనే నిద్ర పట్టేది.

ఏడాది తిరిగేదాకా నన్ను ఒంటరిగా ఉంచకూడదని, బద్వేలు నుంచి మా వదిన వచ్చింది. ఆయనకు అక్క, మనసు మంచిదే గానీ మడి మనిషి. తొట్టి వైపు చూడకుండా ఉండటానికి హాల్లో అవతలి గోడకు మొహం తిప్పుకుని నడిచేది. "మావాడికి పెంచుకునేదానికి కుక్కా పిల్లీ దొరకలేదామ్మే, పామునా తెచ్చుకునేది?" అనేది. అంటూనే తొట్టి కింది బండను పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేది.

దసరా వెళ్ళాక ఈల్ తిండి మానేసింది. రొయ్యను ముక్కుకు ఆనించినా తల తిప్పుకునేది. కళ్ళ మీద తెల్లటి పొర కమ్మింది. అంతకుముందు పైపులోంచి తల మాత్రమే చూపించేది, ఇప్పుడు బయటికి వచ్చి ఇసుకలో పక్కకు ఒరిగి పడుకోవడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, "మేకనా, బర్రెనా?" అని అడిగాడు. సంగతి చెప్తే, "అమ్మా, సముద్రం జంతువులను నేను చూడలేదు," అన్నాడు. దాన్ని అమ్మిన చెన్నై దుకాణంవాళ్ళు మాత్రం తొట్టిలో సగం నీళ్ళు వెంటనే మార్చమన్నారు. అప్పటికి బస్తాలో ఉప్పు అడుగంటింది. కొత్త బస్తా పంపమని చెప్పాను. దాచుకున్న డ్రమ్ము అవసరం వచ్చిందనుకున్నాను.

ఆ రోజే సూర్యగ్రహణం. సాయంత్రం పడుతుంది. "పట్టే దినం నీళ్ళు కదిలించగూడదు. ఇడిసినంక తలకు పోసుకోని మార్చుకో," అంది వదిన. కొన్ని గంటలే కదా అని సరేనన్నాను. ఆవిడే ఇల్లంతా తిరిగి జాడీల మీద, పాల మీద, మంచినీళ్ళ బిందె మీద దర్భలు వేసింది. చివరికి తొట్టి దగ్గర ఆగి, మూత మీద కూడా ఒకటి పెట్టింది. "పామైనా పానమే గదా," అని గొణుక్కుంది. నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు.

గ్రహణం విడిచాక తలస్నానానికి వెళ్ళాను. పోసుకుంటూ ఉంటే పెరట్లో భళ్ళున నీళ్ళు పారిన చప్పుడు. తడి జుట్టుతోనే బయటికి వచ్చాను. నీలం డ్రమ్ము బోర్లా పడి ఉంది. చిన్న మోటారు ఒట్టి బండల మీద గీపెడుతోంది. వదిన చీపురుతో నీళ్ళను కాలువలోకి తోస్తోంది.

"దీని మింద దర్భ ఎయ్యలేదు గదమ్మీ. గ్రహణం నీళ్ళు యాడన్నా ఇంట్లో పెట్టుకుంటారా? పారబోసినా," అంది.

"అవి ఆయన కలిపిపెట్టిన నీళ్ళు వదినా," అన్నాను.

వదిన చీపురు వదిలేసింది. తడి బండ మీద అలాగే చతికిలబడింది. "మావాడు కలిపినేవా?" అని, అరచెయ్యి బండకు అద్ది, వేలు నాలుక మీద పెట్టుకుంది. మడికట్టుకునే మనిషి, పెరటి బండ మీది తడిని! "ఉప్పగా ఉండాదే," అంది. ఆ తర్వాత లేచి వంటింట్లోకి పరుగెత్తి, ఉన్న ఉప్పు ప్యాకెట్లన్నీ చీర కొంగులో వేసుకుని వచ్చింది. "ఇదీ ఉప్పే గదా, కలుపుదాం రా." వంట ఉప్పు దానికి పనికిరాదని చెప్పాను. ఇద్దరం ఆ ప్యాకెట్లను మధ్యలో పెట్టుకుని కూర్చుండిపోయాం.

చెన్నై బస్తా రాకముందే ఈల్ పోయింది. పొద్దున చూస్తే నోరు కదలడం లేదు. ఆ నీళ్ళు ఉంటే బతికేదా? నాకు తెలియదు, ఆ ప్రశ్న మాత్రం వదిన ముందు ఎత్తలేదు. నేను పాత పంచెలో చుడుతుంటే, వదిన చీరతోనే తలమీద నీళ్ళు పోసుకుని వచ్చింది. ఇంట్లో మనిషి పోతే చేసే స్నానం అది. "పెరట్లో పూడ్చొద్దు. మావాణ్ణి కలిపిన కాడనే కలుపుదాం. తుంగభద్ర యాడికి పోతాది? సముద్రానికే గదా," అంది. ఆటోలో ఒళ్ళో పెట్టుకున్నది ఆవిడే. ఏట్లో ఇద్దరం కలిసి వదిలాం.

సంవత్సరీకం అయ్యాక వదిన బద్వేలు వెళ్ళిపోయింది. మోటార్లు ఆపేశాను గానీ, తొట్టిలో నీళ్ళు తోడెయ్యడానికి చేతులు రాలేదు. ఎండాకాలమంతా వాటిని కర్నూలు ఎండే తాగింది. దిగిన నీటి వెంబడే గాజు మీద తెల్లటి ఉప్పు గీతలు, ఒకదాని కింద ఒకటి. ఆపా తుడుస్తానంటే వద్దన్నాను. ఆయన లేని కాలమూ అట్లాగే పోయింది, ఎవరూ తోడకుండానే, నా కళ్ళముందే. నీళ్ళు ఏ రోజు అయిపోయాయో నాకు తెలియదు. ఉప్పు మాత్రం ఇంకా అక్కడే ఉంది.