పంతొమ్మిదో పేజీకి ‘చెక్డ్’

“చూసి అన్నారా సార్, అలవాటుకొద్దీ అన్నారా?”

క్యాంటీన్‌లో చేతిలో ట్రేతో నిలబడి ఒక కొత్త పైలట్ ఈ మాట అడిగేసరికి నత్త కెప్టెన్ చెంచా నోటి దాకా వచ్చి ఉంది. చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఏం తిన్నాడో తెలియలేదని ఆ సాయంత్రం భార్యతో అన్నాడట.

ఆ ప్రశ్న నిజానికి ఆయనదే. నాలుగు నెలల కిందట, నేల మీద కదలకుండా ఉండే శిక్షణ కాక్‌పిట్‌లో, ఇదే అమ్మాయిని ఆయన అడిగాడు. విమానం ఎగిరే ముందు ఒకరు చెక్‌లిస్ట్ పైకి చదవాలి, రెండోవారు ఆ మీటరో స్విచ్చో కళ్లతో చూసి ‘చెక్డ్’ అనాలి. ఆమె కన్ను వెళ్లకముందే నోరు వెళ్లింది. ఆయన యంత్రం ఆపించి అడిగాడు, ఆమె తల దించుకుంది. పైలట్లకి ఆయన నేర్పేదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

నత్త అన్న పేరు రన్‌వే దాకా విమానాన్ని నడిపించే తీరు వల్ల వచ్చింది. పైలట్ల డబ్బు విమానం కదిలిన నిమిషం నుంచి ఆగిన నిమిషం దాకా లెక్క కడతారు కనుక, నత్త ఊరికే నెమ్మదిస్తుందా, మీటరు తిరగొద్దూ అని తోటివాళ్ల ఎకసెక్కం. అసలు సంగతి వేరే. ఎప్పుడో వానలో ఒక మలుపు దగ్గర ఆయన విమానం చక్రం గడ్డిలోకి దిగింది. అప్పటినుంచి మెల్లగా పోతాడు, అంతే.

పైలట్ల యూనియన్‌లోకి కూడా ఏ ఆశయంతోనూ వెళ్లలేదు. మీటింగుకి ఆలస్యంగా వచ్చాడు. ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. అది కంపెనీతో జీతాల చర్చలకి వెళ్లే బృందంలో ఎవరూ ఒప్పుకోని కుర్చీ అని లేచే వేళకి తెలిసింది. ఆ ఆఫీసు గోడ మీద ‘మనమంతా ఒకే కుటుంబం’ అని పోస్టరు ఉంది. అబద్ధమేమీ కాదు. ఇంట్లో పిల్లలకి లేనట్టే మొదటి ఏడాది కొత్తవాళ్లకి ఓటు లేదు. వాళ్ల జీతం గురించి పెద్దవాళ్లు మాట్లాడతారు. తమ పింఛను గురించి కూడా మాట్లాడతారు, ఇంకాస్త ఎక్కువసేపు.

ఆ ఏడాది చేరినవాళ్లు ఇరవయ్యారు మంది. శిక్షణ ఐదు నెలలు, ఆ ఐదు నెలలూ జీతంలో మూడో వంతు భత్యం. క్యాంటీన్‌లో ప్రశ్న అడిగిన అమ్మాయి వాళ్లలో ఒకతె. ఆమె విమానం నడపడం నేర్చుకోవడానికి వాళ్లమ్మ తన మూడు మిషన్ల కుట్టు షాపుని బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెచ్చింది. ఉద్యోగంలో చేరిన నెల నుంచి వాయిదాలు కట్టాలి. ఇక్కడే ఉంది తిరకాసు. శిక్షణ మొదటి రోజునే ఆమె చేరిపోయిందని బ్యాంకు లెక్క. ప్రయాణికులున్న విమానం నడిపేదాకా ఇంకా చేరనట్టేనని కంపెనీ లెక్క.

పదకొండు వారాలు ఒక హోటల్ కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో ఈ గొడవ నడిచింది. కంపెనీ తరఫున కూర్చున్నవాడు నత్త కెప్టెన్‌తో ఒకే బ్యాచ్‌లో చదివినవాడు. చెవి జబ్బుతో ఎగరడం మానేసి ఆఫీసులో కూర్చున్నాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునే చనువు. ఆ ఒక్క అమ్మాయి వాయిదాల కథ చెప్పి నత్త కెప్టెన్ ఆ బావని లొంగదీశాడు. ‘చేరిన తేదీ నుంచి పూర్తి జీతం’ అని నాలుగో పేజీలో రాయించాడు. చేరడమంటే శిక్షణ మొదటి రోజేనని నోటిమాటగా అందరూ ఒప్పుకున్నారు. ఇక నలభై పేజీల కాగితాన్ని ఆఖరిసారి సరిచూడడమే మిగిలింది.

“లాయర్లలా చదివితే ఈ వారం తేలదు బావా. మనం పైలట్లం. చెక్‌లిస్ట్‌లా కానిద్దాం,” అన్నాడు కంపెనీ బావ.

అందరూ నవ్వారు. బావ చదువుతుంటే నత్త కెప్టెన్ జవాబిచ్చాడు. గొంతులు వాటంతటవే కాక్‌పిట్ గొంతులైపోయాయి. పంతొమ్మిదో పేజీలో పదాలకి అర్థాలు ఉన్నాయి. చేరిన తేదీ అనగా ప్రయాణికులతో మొదటి విమానం నడిపిన తేదీ. పాత ఒప్పందంలోని వాక్యం అలాగే ఉండిపోయింది. కావాలని ఉంచారో, మార్చడం మరిచారో ఎవరూ తేల్చలేదు.

“చెక్డ్,” అన్నాడు నత్త కెప్టెన్.

సంతకాలైన మూడో నెలలో, కొత్త ఒప్పందం కింద మొదటి జీతం కాగితం వచ్చింది, అదే మూడో వంతు. క్యాంటీన్‌లో ప్రశ్న ఆ మధ్యాహ్నమే. చేతులు కడుక్కుని యూనియన్ ఆఫీసుకి వెళ్లి ఆయన పంతొమ్మిదో పేజీ తీశాడు. కింద తన పొట్టి సంతకం. ఎవరి సంతకమో చూస్తున్నట్టుగా ఉందట.

వ్యవహారం మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. గెలవడానికి ఉన్న దారి ఒక్కటే. ఆ వాక్యాన్ని చూడకుండానే ఒప్పుకున్నానని నత్త కెప్టెన్ రాసివ్వాలి. కంపెనీ బావ ఫోన్ చేశాడు.

“ఆ కాగితం ఇస్తే నేను సేఫ్టీ విభాగం వాళ్లకి పంపక తప్పదు బావా. చూడకుండా చెక్డ్ అంటానని రాసిచ్చినవాడి చేత ఎవరికి పాఠాలు చెప్పిస్తాం?”

“పంపించు.”

“రాయకపోతే పోయె కదా.”

“పోయేది ఎవరికి?” అన్నాడు నత్త కెప్టెన్.

భార్య మందుల షాపులో పనిచేస్తుంది. మాత్రలు లెక్కపెట్టే అలవాటుతో ఆమె మాటలు కూడా లెక్కగానే ఉంటాయి. “మా దగ్గరా మందుల చీటీ ఇద్దరం చదువుతాం. తప్పు చదివితే ఇద్దరం కలిసే చదువుతాం,” అంది. తర్వాత, “రాసెయ్. నీ మొహం చూడలేకపోతున్నాను. దాని మీద ఏమీ లేదు,” అంది.

ఆదివారం పొద్దున బట్టలు ఆరేసి వచ్చి రాశాడు. ఏడు వాక్యాలు. పది రోజుల్లో శిక్షకుడి పదవి పోయింది. బాధ కలుగుతుందేమోనని రెండు మూడు రోజులు ఎదురుచూశాడు, కలగలేదు. యూనియన్ అధ్యక్షుడు సభలో దీన్ని త్యాగమన్నాడు, చప్పట్లు కొట్టించాడు. తన పొరపాటుతో పోయిన ఇతరుల డబ్బు గురించి ఒక మనిషి నిజం చెప్తే దానికి త్యాగమని పేరు పెట్టడం యూనియన్లకే చెల్లింది. చప్పట్లు కొట్టినవాళ్లలో కొత్తవాళ్లు లేరు. వాళ్లకి ఆ సభలోకి ప్రవేశం లేదు.

కొత్తవాళ్ల శిక్షణ ముగిశాక ఒక ఉదయం డ్యూటీ పట్టికలో ఆయన పక్క సీటు ఆ అమ్మాయికి పడింది. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఆమె చెక్‌లిస్ట్ చదివింది. ఆయన ప్రతి అంశానికీ ముందు చూపుడువేలు స్విచ్ మీద ఆనించి, ఆ తర్వాతే ‘చెక్డ్’ అన్నాడు. పంతొమ్మిది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరారు. వెనక ప్రయాణికులు ఏమనుకున్నారో తెలియదు.

“అమ్మ షాపు?” అని దారిలో ఒక్కసారి అడిగాడు.

“రెండు మిషన్లు అమ్మేసింది సార్. మూడోదాని మీద కుడుతోంది.”

ఆయన తలాడించి మీటర్ల వైపు తిరిగాడు.

మధ్యవర్తి విచారణ తేదీ మూడుసార్లు మార్చాడు. ఆ ఏడు వాక్యాల కాగితం ఫైల్లోనే ఉంది. ఇరవయ్యారు మందికి, ఒక్కొక్కరికి ఐదు నెలలకి, జీతంలో మూడింట రెండు వంతులు ఇంకా రావాలి.