బొత్తాం పగడం

ఈ ఉదయం ల్యాబ్‌లో పగడాలు కడిగే బ్లీచింగ్ నీళ్ల ఘాటు ముక్కుకు తగలగానే సూర్యారావు సార్ గుర్తొచ్చారు. మామూలుగా ఆయన గుర్తొస్తే సంతోషం వేస్తుంది. ఇవాళ సిగ్గేసింది. నరసాపురం వలల్లో పడిన ఒక పగడానికి అరుదైన జాతి పేరు పెట్టి, చీటీ మీద సంతకం చేసి, ఏళ్లుగా పిల్లలకు గొప్పగా చూపిస్తున్నాను. నా స్టూడెంట్ లావణ్య దాన్ని మళ్లీ కడిగి, "మేడమ్, ఇది అది కాదేమోనండి," అంది. భూతద్దంలో చూశాను. కాదు.

సార్ రాజమండ్రిలో మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. కోపం ముక్కు మీదే ఉండేది, పగడాల మాటెత్తితే మాత్రం కరిగిపోయేవారు. ఆయన దగ్గర చొక్కా బొత్తామంత పగడం ఒకటి ఉండేది. దిబ్బలు కట్టే పగడాలకు చుట్టమే అయినా, ఇది ఇసుకలో ఒంటరిగా బతుకుతుంది. అడుగున ఒక పురుగు కాపురముండి, బురదలో కూరుకుపోకుండా లాక్కుపోతుంది. ఇలాంటివి రెండు రకాలు. ఒకదాని గోడ నిండా సన్నటి రంధ్రాలు, రెండోదాని గోడ గట్టిది. తనది రంధ్రాలున్న అరుదైన రకమని సార్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు.

ఒకరోజు దాన్ని కడిగే పని నాకప్పగించి, క్లాసందరి ముందూ ఏం కనిపిస్తోందని అడిగారు. "రంధ్రాలు కావండి సార్, అరిగి పడిన గుంటలు," అన్నాను. ఆయన చాలాసేపు భూతద్దం దించలేదు. చెవులు ఎర్రబడ్డాయి. గంట కొట్టకముందే క్లాసు ముగించారు.

మర్నాడు కొత్త చీటీ తెచ్చారు. సరైన పేరు, గుర్తించినవారిగా నా పేరు. ఆయన మొహం చూడలేక నేను పగడం డబ్బాలోంచి పాత చీటీ తీసేయబోయాను.

"అది తియ్యకమ్మా."

అందరూ చూస్తారు కదండీ అన్నాను.

"చూడనీ. సిగ్గుగానే ఉంది, రాత్రి నిద్ర కూడా పట్టలేదు. అయినా రాసింది నేనే కదా."

పగడాల పని చేసేవాళ్లు పాత చీటీ పారేయరని, ఎవరు ఏమనుకున్నారో తర్వాతివాళ్లకు తెలియాలని ఆ రోజే నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ నా పిల్లలకు అదే పాఠం చెప్పాను. చెప్పడం తేలికే.

ఇవాళ లావణ్య కొత్త చీటీ రాసి, నా మీది గౌరవంతో, నా చీటీని డబ్బాలోంచి మెల్లగా పైకి లాగింది. తీసేస్తే బాగుండుననే అనుకున్నాను. చీటీ సగం బయటికొచ్చేదాకా చూస్తూ ఊరుకున్నాను.

"అది తియ్యకమ్మా," అన్నాను చివరికి. నా చెవులు మండుతున్నాయి.