బోపే చేతిలో పెట్టిన ఆకుకత్తి

మికోబి కొలిమి మా పెరటిని ఆనుకునే ఉండేది. తిత్తుల చప్పుడుకి మా కోళ్ళు అలవాటు పడిపోయాయి గాని, ఆరేసిన బట్టల మీద మసి పడితే మా అమ్మ మాత్రం ఏనాడూ అలవాటు పడలేదు. "ఓరి మికోబీ, నీ కొలిమి కూలిపోనూ!" అని ఆవిడ ఇటునుంచి అరిస్తే, "కూలితే నీ పార ఎవరు సాగగొడతారక్కా?" అని అతను అటునుంచి నవ్వేవాడు. పెద్ద నవ్వు. సమ్మెట దెబ్బలో కూడా అది వినబడేది.

మా కుబా తెగవాళ్ళలో ఆస్తయినా, విద్యయినా మేనమామ నుంచే రావాలి. మికోబికి ఇనప్పని అలాగే వచ్చింది. ఆ మేనమామ ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. మికోబి తన మొదటి ఆకుకత్తి చేసి చూపిస్తే, ఎండలోకి ఎత్తి, ఒక కన్ను మూసి, "ఆకు ఆకులాగే ఉందిరా. కాకపోతే మేక నమిలిన ఆకు" అన్నాడట. ఆ మాట చెప్పుకుని మికోబి ముసలితనంలో కూడా నవ్వేవాడు.

ఆకుకత్తి అంటే మా మగవాళ్ళు కుడి నడుముకి పెట్టుకునేది. పిడి దగ్గర సన్నం, మధ్యలో వెడల్పు, చివర మొన, నడుమ ఈనెలా ఒక గీత. పిడి చెక్కది, దానిలో రాగి తీగ పొదుగుతారు. దానితో యుద్ధాలేం చెయ్యరు. అది నడుముకి ఉంటేనే మనిషి నలుగురిలోకి వచ్చినట్టు. పోయినప్పుడు కూడా చేతిలో పెట్టి పంపిస్తారు, అక్కడున్న పెద్దలు "ఎవడివిరా నువ్వు?" అని అడక్కుండా.

కాని ఒక మనిషికి బతుకంతటికీ ఒక్క కత్తి చాలు. దాన్ని నమ్ముకుంటే కొలిమి వాడి ఇంట్లో పొయ్యి వెలగదు. మికోబిని చాలాకాలం పోషించింది పారలూ, కొడవళ్ళే. ఆ తర్వాత చిబాంగు వచ్చాడు.

చిబాంగు కనంగా పట్నం నుంచి మ్వేకా దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణించి సైకిల్ మీద మా ఊరు వచ్చే వ్యాపారి. పట్నాల్లో ఈ కత్తులు గోడకి తగిలించుకునే వాళ్ళున్నారట. అయితే వాళ్ళకి కొత్తవి పనికిరావు. "ఎంత బాగా చేస్తే అంత తక్కువ ధర, బావా. ముత్తాత చేతి చెమట తగిలినట్టుండాలి" అని చిబాంగు దారి చెప్పాడు. మికోబి లారీ కమాను పట్టీలు కాల్చి, కొట్టి, మంచి ఆకులే దించేవాడు. దించినవాటిని వాగు పక్క తడిమట్టిలో పాతిపెట్టేవాడు. తుప్పు పట్టాక తీసి, మసీ, పామాయిలూ, నల్ల బూట్‌పాలిషూ కలిపి రుద్దేవాడు. పిడిని ఇసకతో అరగదీసేవాడు. ఊరందరికీ తెలుసు. ఎవరూ తప్పు పట్టలేదు. పరాయివాళ్ళ గోడ మీద ఏముంటే మనకేం అనుకున్నాం. మా అమ్మ కూడా, "వాడు పాతేవి మొలవనంతవరకూ మనకేం బాధ లేదు" అంది.

మికోబికి ప్రాణస్నేహితుడు బోపే, కల్లు గీసేవాడు. కుర్రాళ్ళని మగవాళ్ళలో కలిపే అడవి దీక్ష ఇద్దరికీ ఒకే ఏడు అయింది. సాయంత్రం చెట్టు దిగాక బోపే మొదటి కల్లు బుర్ర కొలిమి దగ్గరికే తెచ్చేవాడు. అతని వంశంలో వచ్చిన ఆకుకత్తిని మేనల్లుడొకడు తాగుడికి చిబాంగుకే అమ్మేశాడు. ఆ బాధ తలుచుకున్నప్పుడల్లా బోపే, "నేను పోతే నీ చేతి కత్తి ఒకటి పెట్టరా. ఉత్త చేతుల్తో వెళ్తే మా ముసలాళ్ళు లోపలికి రానివ్వరు" అనేవాడు. "ముందు నువ్వు చెట్టు మీంచి సరిగ్గా దిగు" అనేవాడు మికోబి.

వానాకాలం మొదట్లో బోపే మోకు తెగింది. కింద పడ్డ మనిషి మళ్ళీ కళ్ళు తెరవలేదు. పిడికిట్లో కల్లు గీసే గీతకత్తి అలాగే ఉంది. దాన్ని విడిపించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

బోపేకి అన్నీ అతని అక్క, బుషాబు. మాట తక్కువ మనిషి. నారబట్ట మీద ఆమె కుట్టే కుట్టు చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. మర్నాడు పొద్దున్నే ఆమె కొలిమి దగ్గరికి వచ్చి నిలబడింది.

"తమ్ముడూ, వాడు నిన్నొకటి అడిగేవాడు."

"నాకు గుర్తుందక్కా. ఎల్లుండి మట్టిచేసేలోగా కత్తి వాడి చేతిలో ఉంటుంది."

ఆ మాట అన్నప్పుడు మికోబి మనసులో కల్మషం లేదు. కొలిమి ముట్టించాడు కూడా. కాని ఆ వారంలోనే చిబాంగు రైలు ఉంది. పెద్ద బేరం, సగం కత్తులకి ఇంకా పిడులు లేవు. బోపే కోసం కమాను పట్టీ ఒకటి ఎంచి పక్కన పెట్టి, ముందు ఈ పిడులు కానిద్దాం అనుకున్నాడు. తర్వాత చాలాకాలానికి అతనే మా నాన్నతో అన్నాడు: "వాడు నా కోసం ఆగుతాడు, రైలు ఆగదు అనిపించింది, బావా. చచ్చినవాడు తొందరపెట్టడు కదా."

మట్టిచేసే రోజు వచ్చేసరికి ఆ పట్టీ పట్టీలాగే ఉంది. మికోబి చిబాంగు కోసం కట్టిన మూట విప్పి, అందులో మంచిదొకటి ఏరి, గుడ్డతో పైపైన తుడిచి, పట్టుకెళ్ళాడు.

బోపేని వాకిట్లో తాటాకు పందిరి కింద కూర్చోబెట్టారు. ఒంటికి ఎర్రచెక్క పొడి, నెత్తిన టోపీ, నడుముకి బుషాబు కుట్టిన నారబట్ట. తన చావుకని ఏళ్ళ తరబడి కుట్టుకున్న బట్ట అది. తమ్ముడు ముందు పోయాడని తీసి వాడికే కట్టింది. మికోబి కత్తి అందించగానే ఆమె రెండు చేతులా పుచ్చుకుని చూసింది. నల్లగా, పాతగా ఉంది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది కొత్తది కాదే! మీ మామ చేతిదా?"

మికోబి నోరు తెరిచాడు. కాదక్కా అనాలి. ఒక్క మాట. చుట్టూ జనం అతని వంకే చూస్తున్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అతను తల దించుకున్నాడు. ఆమె దాన్నే అవుననుకుని, కత్తిని తమ్ముడి వేళ్ళ మధ్య పెట్టింది.

ఇక ఆ మాట పందిరంతా పాకింది. "మేనమామ చేతి కత్తి ఇచ్చేశాడంట!" "స్నేహితుడంటే వాడురా!" ఊరిపెద్ద లేచి వచ్చి మికోబి భుజం పట్టుకుని ముందు వరసలో, దగ్గర చుట్టాల మధ్య కూర్చోబెట్టాడు. శోకం పాడే ఆడవాళ్ళు పాటలో అతని పేరు కలిపారు. మేనమామ ఇనుమును స్నేహితుడికిచ్చిన మికోబీ, అని. పాడుతున్నంతసేపూ అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఏడుస్తున్నాడనుకున్నారు. భార్య మింగా మాత్రం దూరం నుంచి చూస్తూనే ఉంది. మూట కట్టింది ఆమే మరి.

మధ్యాహ్నం గాలి లేచింది. వెంటనే వాన. పందిరి ఆకులు ఒక పక్క ఎగిరిపోయాయి. జనం కొత్త ఆకులు తెచ్చి కప్పేలోగా బోపే ఒళ్ళు తడిసింది. ఆకుకత్తి మీంచి నీళ్ళు కారాయి. నల్లటి నీళ్ళు. నడుమ ఉన్న ఈనె గీత వెంబడి దిగి, మొన దగ్గర చుక్కలు కట్టి, బుషాబు కుట్టిన బట్ట మీద పడ్డాయి. అంచు మీద పడ్డ మచ్చ చూస్తూండగానే అరచేయంత అయింది.

పాట ఒక గొంతు తర్వాత ఒక గొంతు ఆగిపోయింది.

బుషాబు ముందుకి వంగి, కత్తిని వేలితో రాసి, వాసన చూసింది. బూట్‌పాలిష్ వాసన మాలో తెలియనిదెవరికి? బడి పంతులు బూట్లకి రోజూ అదే రాసేవాడు.

వెనక నుంచి ఎవరో అన్నారు, "ఒరే మికోబీ, మీ మామకి బూట్లెప్పుడున్నాయిరా?"

చావింట్లో నవ్వకూడదు. కాని జనం నవ్వారు. ఆపుకోలేక, నోటికి బట్ట అడ్డం పెట్టుకుని నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు, నేను చూశాను. మికోబి లేవలేకపోయాడు. ముందు వరసలోంచి లేచి వెళ్ళాలంటే అందరి మధ్యలోంచే వెళ్ళాలి. చెవుల దాకా వేడెక్కి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడే కూర్చున్నాడు.

బుషాబు నవ్వలేదు, తిట్టలేదు. తమ్ముడి వేళ్ళలోంచి కత్తి తీసి పక్కన పెట్టింది. ఇంట్లోకెళ్ళి, పిడి విరిగితే తీగ చుట్టిన ఆ పాత గీతకత్తి తెచ్చి చేతిలో పెట్టింది.

ఊరిపెద్ద గొణిగాడు. "పని కత్తమ్మా అది. పెద్దల దగ్గరికి పని కత్తితో ఎలా పంపుతాం?"

"ఇదొక్కటే వాడిది" అంది ఆమె. "మచ్చ పడ్డా బట్ట ఇదే, మార్చను. అడిగితే వాడే చెప్పుకుంటాడు."

అలాగే మట్టిచేశారు.

మర్నాడు పొద్దున బుషాబు ఆ ఆకుకత్తిని అరిటాకులో చుట్టి తెచ్చి, మికోబి ఇనుము కొట్టే దాగలి మీద పెట్టింది. "మీ మామది. దాచుకో" అంది. మికోబి ఆమె కాళ్ళ మీద పడబోతే, "నా కాళ్ళెందుకు? నువ్వు మాటిచ్చింది వాడికి. ఎలాగూ ఒకనాడు వెళ్తావుగా, అక్కడే మాట్లాడుకో" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే చిబాంగు దిగాడు. వానకి తడిసి, పాలిష్ చారలుగా పోయి, మధ్యమధ్య తుప్పు తేలిన ఆ కత్తిని చూసి ఎగిరి గంతేశాడు. "బావా! అన్నిటికన్నా ఇదే పాతగా ఉంది! ఇది ఎలా చేశావ్?" మికోబి దాన్ని లాక్కుని చెయ్యి ఊపాడు, వెళ్ళమన్నట్టు. ఆ రాత్రి ముద్ద ముట్టలేదు. మింగా ఆకుకూర గిన్నె ముందుకి తోసి, "నేను మూట కట్టినప్పుడే అనాల్సింది. నేనూ నోరు మూసుకున్నాను. తిను" అంది. అతను తినలేదు.

తర్వాత నెలల తరబడి కొలిమి చల్లగానే ఉంది. మా బట్టలు తెల్లగా ఆరేవి. మా అమ్మకి అదీ నచ్చలేదు. "వాడి నవ్వు వినబడక తల పోటొస్తోంది" అనేది. మికోబి కల్లు దగ్గరికి రావడం మానేశాడు. నీళ్ళకి కూడా పొద్దెక్కాక, ఎవరూ లేనప్పుడు వెళ్ళేవాడు. పిల్లలు "మామ బూట్లు" అని పేరు పెట్టారు. ఎదురుగా ఎవరూ అనలేదు. కాని అతను వచ్చేసరికి మాట మారేది. తిట్టినా బాగుండేదనేవాడు మింగాతో.

మాలో చావు మైల నెలల తరబడి ఉంటుంది; బోపే మైల తీరే రోజు ఊరంతా కూడింది. ఆడవాళ్ళు ఆ శోకం పాట ఎత్తుకోబోతుంటే మికోబి వెనక నుంచి లేచాడు. చిక్కి సగమయ్యాడు.

"అక్కా, ఆ రోజు నువ్వు అడిగావు. నేను అబద్ధం చెప్పలేదు, తల దించుకున్నాను. అది అబద్ధం కన్నా పెద్దది. పాటలోంచి నా పేరు తీసెయ్యండి. నేను వినలేను."

బుషాబు అతని వైపు తిరిగింది. "తీసేస్తాం" అంది. "కాని అక్కడ వేరే పేరు పెట్టం. ఆ చోటు ఖాళీగానే ఉంటుంది."

అప్పట్నించీ అంతే. ఆ పాట మా ఊళ్ళో ఇప్పటికీ పాడతారు. అక్కడికొచ్చేసరికి ఆడవాళ్ళు ఒక ఊపిరి ఆగి, మళ్ళీ అందుకుంటారు. కొత్త కోడళ్ళు ఎందుకని అడుగుతారు. ఎవరో ఒకరు చెవిలో చెబుతారు. పేరున్నా అంతమందికి తెలిసేది కాదేమో.

మికోబి మళ్ళీ కొలిమి ముట్టించాడు, పొట్ట ఊరుకోదు కదా. చిబాంగుకి కత్తులు చేశాడు, కాని నిగనిగలాడుతుండగానే ఇచ్చేసేవాడు, పిడి కింద తన గుర్తు కొట్టి మరీ. చిబాంగు తిట్టుకుంటూనే తీసుకునేవాడు. పాలిష్ కనంగాలో తనే రుద్దుకునేవాడని అందరికీ తెలుసు, మికోబికీ తెలుసు. "నేను ఆపింది నా చెయ్యి ఒక్కటే" అనేవాడు. ఆ మాట గర్వంగా అనేవాడు కాదు.

చాలా ఏళ్ళకి బుషాబు మేనల్లుడొకడికి ఊళ్ళో పెద్దరికం వచ్చింది. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. కొలిమి దగ్గరికి తనే నడిచి వచ్చింది.

"పిల్లాడికి కత్తి కావాలి. కొత్తది. కొత్తదిలాగే కనబడాలి."

"కూర్చో అక్కా" అన్నాడు మికోబి. పని అయ్యేదాకా ఉండి చూడమని అడిగే ధైర్యం లేక, మొద్దు ఒకటి నీడలోకి జరిపాడు. ఆమె కూర్చుంది. రోజూ వచ్చి కూర్చుంది. పట్టీ కాల్చడం దగ్గర్నించి ఆకురాయి పట్టడం దాకా చూసింది. కబుర్లాడింది కూడా, వానల గురించి, కూరకి ఏరుకునే గొంగళి పురుగులు ఈ ఏడు తక్కువని. బోపే ఊసు ఎత్తలేదు.

కత్తి పూర్తయ్యాక ఆమె దాని మీద నీళ్ళు పోసి, తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ వెలుతురులోకి పట్టుకు చూసింది. నలుగురి ముందే. మికోబి తల దించుకోలేదు గాని ఆమె వంక చూడలేకపోయాడు. గుడ్డ మీద ఏమీ లేదు. ఆమె దాన్ని మడిచి నడుములో దోపుకుని, కత్తి తీసుకుని వెళ్ళింది. మెచ్చుకోలేదు.

"నీ మొహం ఎదుటే తుడిచి చూడాలా?" అంది మింగా, ఆమె వెళ్ళాక.

"చూడాలి" అన్నాడు మికోబి.

ఆ కుర్రాడు ఇప్పుడు ఊరిపెద్ద. నడుముకున్న ఆ ఆకుకత్తిని చూసి మ్వేకా సంతలో మనుషులు ఆగిపోతారు. మికోబికి చూపు మందగించింది, చేతికర్ర పట్టుకుని మా అరుగు మీద కూర్చుంటాడు. ఎవరైనా వచ్చి, "తాతా, ఎంత మంచి కత్తి! ఏ కాలంనాటిది?" అంటే కంగారుగా చెయ్యి అడ్డంగా ఊపుతాడు.

"పాతది కాదు నాయనా. కొత్తది. నేనే చేశాను. మా మామది కాదు."

వాళ్ళు మామ సంగతి అడగలేదు. అయినా చెబుతాడు.